చిన్న లేతు షాపులో కూలెంట్ తగ్గించాలంటే: కొబ్బరి నూనె, ఎం.క్యు.ఎల్. ఎంతవరకు పనికొస్తాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. భీమవరం పక్కన మీకు రెండు లేతులు, ఒక మిల్లింగ్ మిషను, ఈమధ్య కొన్న సెకండ్ హ్యాండ్ సి.ఎన్.సి. (కంప్యూటర్‌తో నడిచే మిషను) ఉన్నాయి. రొయ్యల చెరువుల ఏరేటర్ (నీళ్ళకి గాలి అందించే మిషను) షాఫ్టులు, రైస్ మిల్లు పుల్లీలు, బుష్‌లు ఎక్కువగా చేస్తారు. ట్యాంకులో కూలెంట్ (కోసేటప్పుడు టూల్ మీద పోసే నూనె కలిపిన నీళ్ళు) వారం తిరక్కుండానే కంపు కొడుతోంది. కుర్రాళ్ళ చేతులకు దురద. పాత కూలెంట్ పక్కనున్న బోదెలో (చిన్న కాలవలో) పోస్తుంటే పక్క చెరువు రైతు గొడవకొచ్చాడు. కొబ్బరి నూనె వాడితే ఈ బాధలన్నీ పోతాయా, లేక వీడియోల్లో చూపించే ఎం.క్యు.ఎల్. కిట్ (కొద్దిపాటి నూనెని గాలితో తుంపరగా కొట్టేది) కొనాలా అని అడిగారు.

సూటిగా చెప్పేస్తాను. రెండూ పనికొస్తాయి, కానీ అన్ని పనులకూ కాదు. సి.ఎన్.సి.లో కూలెంట్ పూర్తిగా మానేయక్కర్లేదు కూడా. బీడు (పోత ఇనుము), ఇత్తడి, గన్‌మెటల్ పొడిగానే కోయండి. ఎన్8 (మధ్యరకం కార్బన్ స్టీలు), ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు), స్టెయిన్‌లెస్ షాఫ్టుల టర్నింగుకు లేతుల మీద ఎం.క్యు.ఎల్. పెట్టండి. ట్యాపింగుకు (రంధ్రం లోపల థ్రెడ్లు తీయడానికి), డైలతో థ్రెడ్లు తీయడానికి, పార్టింగుకు (ముక్కని కోసి విడగొట్టడానికి) బ్రష్షుతో కొబ్బరి నూనె గానీ ఆముదం గానీ రాయండి. సి.ఎన్.సి. ట్యాంకులో ఉన్నదాన్ని నెలల తరబడి పాడవకుండా కాపాడుకోండి. ఈ నాలుగూ చేస్తే పారబోయాల్సిన సరుకే బాగా తగ్గిపోతుంది. ఆ తగ్గిన సరుకు కూడా బోదెలోకి వెళ్ళకూడదు, అందులో ఉన్నది కొబ్బరి నూనే అయినా సరే. అదెందుకో కింద లెక్కతో చెబుతాను.

నేను బాలానగర్ టూల్ రూముల్లో చాలాకాలం పనిచేసి, తర్వాత పాలకొల్లు దగ్గర సొంతంగా షాపు పెట్టుకున్నవాణ్ణి. హైదరాబాద్‌లో నడిచిన పద్ధతి ఇక్కడి ఉప్పు నీళ్ళకీ, ఈ తేమ గాలికీ యథాతథంగా నడవదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

అసలు కూలెంట్ ఎందుకు పోస్తున్నాం?

టూల్ మీద నీళ్ళ ధార పడితే స్పీడు 30 నుంచి 40 శాతం పెంచుకోవచ్చని అమెరికాలో ఎఫ్.డబ్ల్యు. టేలర్ 1880లలోనే చేసి చూపించాడు. అప్పటికి హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) టూల్ కూడా రాలేదు. ఆ అలవాటు అలాగే మన దాకా వచ్చింది. ఇప్పుడు వాడే కోటెడ్ కార్బైడ్ ఇన్‌సర్టులు (టూల్ మొన దగ్గర బిగించే గట్టి బిళ్ళలు) ఎర్రటి వేడిని కూడా ఓర్చుకుంటాయి, మనం మాత్రం పంపు ఆన్ చేయకుండా చక్ తిప్పం.

కూలెంట్ మూడు పనులు చేస్తుంది. వేడి లాగుతుంది, టూల్‌కీ చిప్‌కీ (కోతలో లేచే లోహపు తునకకీ) మధ్య రాపిడి తగ్గిస్తుంది, చిప్స్‌ని కొట్టుకుపోయేలా చేస్తుంది. ఏ జాబ్‌కి (కోసే ముక్కకి) వీటిలో ఏది కావాలో తెలిస్తే సగం కూలెంట్ అక్కడే మిగులుతుంది. టర్నింగులో పుట్టే వేడిలో చాలా భాగం, మామూలుగా నాలుగింట మూడొంతుల పైనే, చిప్‌తో పాటే వెళ్ళిపోతుంది. చిప్ చక్కగా విరిగి ట్రేలో పడుతుంటే వేడి కూడా ట్రేలో పడుతున్నట్టే. మిగిలినదే టూల్ మొన దగ్గరా, జాబ్ లోపలా ఉంటుంది. చిప్ టూల్‌ని అదిమిపట్టి రుద్దుకుంటూ పోయే చోటు మామూలుగా మిల్లీమీటరు వెడల్పు కూడా ఉండదు. పైనుంచి ధారగా పోసిన కూలెంట్ ఆ సందులోకి దూరడం చాలా కష్టం. చుట్టుపక్కల తడిపేసి కిందికి పోతుంది.

ఖర్చు సంగతి కూడా చూడండి. 1990లలో జర్మనీ కార్ల పరిశ్రమలో లెక్కలు తీస్తే మొత్తం తయారీ ఖర్చులో కూలెంట్‌కి సంబంధించినదే 7 నుంచి 17 శాతం దాకా తేలింది. టూల్స్ ఖర్చు 2 నుంచి 4 శాతమే. కొనడం, కలపడం, పంపు కరెంటు, జాబ్ కడగడం, చివరికి వదిలించుకోవడం, అన్నీ కలిపితే అంత అయింది. మన షాపుల్లో ఆ శాతం అంతే ఉంటుందని అనను. మనం వదిలించుకునే ఖర్చు బోదె మీదకీ, పక్కవాడి చెరువు మీదకీ నెట్టేస్తున్నాం కాబట్టి మన పుస్తకాల్లో అది కనబడదు.

పొడిగా కోయాల్సినవి

బీడు సంగతి మీకు తెలిసే ఉంటుంది. అందులో ఉన్న గ్రాఫైటే కందెనలా పనిచేస్తుంది. బీడు పుల్లీ మీద కూలెంట్ పోస్తే ఆ నల్లటి పొడి తడిసి మడ్డిగా తయారై బెడ్డు మీదా, పంపులోనూ చేరుతుంది. ఆ మడ్డి బెడ్డుని గీకేస్తుంది. కాబట్టి పొడిగా కోసి, కుర్రాడికి మంచి మాస్కు ఇవ్వండి. పని అయ్యాక గాలితో ఊదొద్దు, వాక్యూమ్‌తో లాగండి. ఇత్తడి, గన్‌మెటల్ బుష్‌లు కూడా అంతే, చిప్ పొట్టిగా విరిగి తనంతట తనే పడిపోతుంది.

మిల్లింగులో కార్బైడ్ ఇన్‌సర్టులు వాడుతుంటే స్టీలుకి కూడా కూలెంట్ ఆపి చూడండి. మిల్లింగులో ప్రతి పన్నూ ఒక క్షణం కోతలో ఉంటుంది, మరుక్షణం గాల్లో ఉంటుంది. కోతలో బాగా కాలి, బయటికి రాగానే చల్లటి కూలెంట్ పడితే ఆ వేడీ చలువా దెబ్బకి అంచు మీద దువ్వెన పళ్ళలా వరసగా సన్నని పగుళ్ళు వస్తాయి. తర్వాత అంచు ముక్కలుగా రాలుతుంది. పొడి గాలి ఊదుతూ చిప్స్ తప్పిస్తే చాలు, ఇన్‌సర్టు ఎక్కువ కాలం వస్తుంది. హెచ్.ఎస్.ఎస్. కట్టర్లకు మాత్రం ఇది వర్తించదు, వాటికి చలువ కావాలి.

స్టెయిన్‌లెస్ షాఫ్టులు, ఎం.క్యు.ఎల్.

మీ అసలు పని ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

ఎం.క్యు.ఎల్. అంటే గంటకు 10 నుంచి 100 మిల్లీలీటర్ల లోపు నూనెని గాలితో కలిపి, సన్నని తుంపరగా సరిగ్గా టూల్ మొనకే కొట్టడం. లేతు మీద షాఫ్టు టర్నింగుకు నాకు 20, 40 మధ్యే సరిపోతుంది. ధార కూలెంట్ నిమిషానికి లీటర్లకు లీటర్లు తిరుగుతుంటే ఇక్కడ గంటకి ఒక టీ గ్లాసు కూడా అవదు. ఆ కొద్ది నూనె చిప్‌తో, జాబ్‌తో పోతుంది. తిరిగి ట్యాంకుకు వచ్చేది ఏమీ ఉండదు, కుళ్ళేదీ ఉండదు.

304, 316 రకాల స్టెయిన్‌లెస్‌తో చిక్కేమిటంటే అది వేడిని బయటికి పోనివ్వదు. మామూలు స్టీలుతో పోలిస్తే వేడిని మోసే గుణం మూడో వంతే. అందుకని వేడంతా మొన దగ్గరే నిలుస్తుంది. పైగా రుద్దితే గట్టిపడిపోతుంది. మొద్దుబారిన టూల్‌తో, మరీ సన్నటి ఫీడుతో నిమరడం మొదలుపెడితే తర్వాతి కట్‌కి అక్కడ గట్టి పొర ఎదురవుతుంది. కాబట్టి ఎం.క్యు.ఎల్. పెట్టినా పెట్టకపోయినా ఫీడు (ఒక్కో చుట్టుకు టూల్ జరిగే దూరం) 0.12 మిల్లీమీటరు కన్నా తగ్గించకండి, కట్ మధ్యలో టూల్‌ని ఒకేచోట ఆపకండి, స్టెయిన్‌లెస్‌కి తయారుచేసిన పదునైన ఇన్‌సర్టు వాడండి. ఇవి చేయకుండా ఖరీదైన నూనె కొట్టినా ఫలితం ఉండదు.

నాజిల్ ఎక్కడ పెట్టాలన్న దగ్గర చాలామంది తప్పుదారి పడతారు. పైనుంచి కొడితే లేచే చిప్పే గొడుగులా అడ్డుపడుతుంది. ఒకే నాజిల్ ఉంటే చిప్ అడ్డురాని వైపు నుంచి, అంటే ఇన్‌సర్టు కింది ముఖానికీ జాబ్‌కీ మధ్య సందులోకి గురిపెట్టండి. దూరం 20 నుంచి 30 మిల్లీమీటర్లు. గాలి 4, 5 బార్ చాలు. సరిగా పడుతోందో లేదో చూడ్డానికి మిషను ఆపి, నాజిల్ ముందు రెండు మూడు సెకన్లు తెల్ల అట్టముక్క పట్టుకోండి. అట్ట మీద సమంగా చెమ్మ కనబడాలి. చుక్కలు జారుతున్నాయంటే నూనె ఎక్కువైంది. అసలేమీ అంటలేదంటే గొట్టంలో ఎక్కడో గాలి బుడగ ఆగింది.

ఇంకో సంగతి కుర్రాళ్ళకి చెప్పి తీరాలి. ఎం.క్యు.ఎల్. రాపిడిని తగ్గిస్తుంది గానీ జాబ్‌ని చల్లబరచదు. 304 స్టెయిన్‌లెస్ వేడికి మామూలు స్టీలు కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు వ్యాకోచిస్తుంది. 50 మిల్లీమీటర్ల షాఫ్టు 30 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం 0.025 మిల్లీమీటరు పెరుగుతుంది. మైక్రోమీటర్ పెట్టి, సైజు వచ్చిందని బేరింగ్ సీటు అక్కడితో ఆపేస్తారు. చల్లారాక చూస్తే ఆ 0.025 మిల్లీమీటరు తక్కువ, బేరింగ్ చేత్తోనే జారిపోతుంది. పొడవులో అయితే ఇంకా ఎక్కువ: ఒకటిన్నర మీటరు షాఫ్టు అదే వేడికి ముప్పావు మిల్లీమీటరు సాగుతుంది. టెయిల్ స్టాక్ సెంటర్ బిగించి వదిలేస్తే పోవడానికి చోటు లేక షాఫ్టు మధ్యలో విల్లులా వంగి, మోత మొదలవుతుంది. మా షాపులో పద్ధతి ఇలా ఉంటుంది: రఫ్ కట్లన్నీ అయ్యాక షాఫ్టు తీసి స్టాండు మీద పెట్టి ఇంకో జాబ్ ఎక్కిస్తాం. చెయ్యి పెడితే చల్లగా తగిలాకే బేరింగ్ సీట్ల ఫినిషింగ్. పొడవు షాఫ్టుకు మధ్యమధ్యలో సెంటర్ కాస్త వదిలి మళ్ళీ బిగిస్తాం.

ఇప్పుడు మన ఊళ్ళ సమస్య. ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. కంప్రెసర్ ట్యాంకు అడుగున రోజూ నీళ్ళు చేరతాయి. ఆ నీళ్ళు గొట్టంలోంచి నాజిల్‌కి వస్తే నూనె బదులు నీటి చుక్కలు పడతాయి, ఎన్8 జాబ్ మీద తెల్లారేసరికి తుప్పు మచ్చలు తేలతాయి. కిట్ కన్నా ముందు మాయిశ్చర్ సెపరేటర్ కొనండి, కంప్రెసర్ డ్రెయిన్ పొద్దునా సాయంత్రం తిప్పండి. వానాకాలం ఇంకా ఎక్కువసార్లు. పొడిగా కోసిన స్టీలు జాబ్‌లకి కూడా ఇదే భయం, పనయ్యాక పల్చగా నూనె గుడ్డతో తుడిచి పెట్టండి. కూలెంట్‌లో ఉండే తుప్పు మందు ఇప్పుడు లేదని మర్చిపోకండి.

ఆఖరుది ఊపిరి. ట్యూబ్ లైటు వెలుతురులో పొగమంచులా తుంపర తేలుతూ కనబడుతోందంటే మీరు నూనె ఎక్కువ కొడుతున్నట్టే. కూరగాయ నూనె అయినా ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మంచిది కాదు. అమెరికాలో వృత్తి ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ 1998లో ఇలాంటి తుంపర మొత్తం ఘనమీటరు గాలిలో 0.5 మిల్లీగ్రాము దాటకూడదని సిఫారసు చేసింది. అది కంటికి ఆనేంత మోతాదు కాదు. లేతు వెనక ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి గాలి మనిషి మొహం వైపు కాకుండా అవతలికి పోయేలా చూడండి.

కొబ్బరి నూనె

కోనసీమ పక్కనే ఉన్నవాళ్ళం కాబట్టి అందరికీ మొదట వచ్చే ఆలోచన ఇదే, తప్పేమీ లేదు. మినరల్ ఆయిల్ లోహం మీద ఊరికే పరుచుకుంటుంది. కూరగాయ నూనెల్లోని కొవ్వు ఆమ్లాల అణువులకు ఒక కొన లోహాన్ని పట్టుకునే గుణం ఉంటుంది, అందుకే పల్చటి పొర అయినా గట్టిగా నిలుస్తుంది. వెల్లూరు వి.ఐ.టి. పరిశోధకుల పని ఒకటి 2009లో అచ్చయింది. 304 స్టెయిన్‌లెస్‌ని కార్బైడ్ టూల్‌తో టర్నింగ్ చేస్తూ కొబ్బరి నూనెని, నీళ్ళలో కలిపే సాల్యుబుల్ ఆయిల్‌ని, నేరుగా వాడే కటింగ్ ఆయిల్‌ని పోల్చారు. టూల్ అరుగుదలలోనూ ఫినిషింగులోనూ కొబ్బరి నూనే మెరుగ్గా వచ్చింది.

మా దగ్గర దాని అసలు ప్రతాపం ట్యాపింగులో కనబడుతుంది. 304 ఏరేటర్ ఫ్లాంజిల్లో ఎం12 (12 మిల్లీమీటర్ల) ట్యాపులు వేయాలంటే కూలెంట్‌తో ట్యాపు కీచుమంటూ తిరిగి, మధ్యలో పట్టేసి, టక్కుమని విరుగుతుంది. కొబ్బరి నూనెలో ఆముదం సగానికి సగం కలిపి ట్యాపుకి రాస్తే అదే ట్యాపు చప్పుడు లేకుండా దిగుతుంది. ఆముదం కొవ్వులో 85 శాతం పైగా రిసినోలిక్ ఆమ్లమే, చిక్కదనం దాని వల్లే వస్తుంది. ఒత్తిడిలో కూడా పొర జారిపోదు. ఇంకో చిన్న చిట్కా: స్టెయిన్‌లెస్‌లో ఎం12కి పుస్తకంలో ఉన్న 10.2 డ్రిల్లు బదులు, డ్రాయింగ్ ఒప్పుకుంటే, 10.4 వేయండి. థ్రెడ్ బలం చెప్పుకోదగ్గంతగా తగ్గదు, ట్యాపు మీద భారం మాత్రం బాగా తగ్గుతుంది.

ఇక ఇబ్బందులు. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది. మార్గశిరం, పుష్యం పొద్దుటిపూట ఎం.క్యు.ఎల్. సీసాలో గడ్డకట్టి నాజిల్ మూసుకుపోతుంది. తవుడు నూనె కలిపితే కొంత నయం గానీ తవుడు నూనె, పొద్దుతిరుగుడు నూనె లాంటివి గాలి తగిలి జిగురెక్కుతాయి. రెండు నెలలు తుడవకుండా వదిలేసిన చక్ దవడల మీద, టూల్ పోస్టు కింద పసుపు వార్నిష్‌లా అంటుకుని గీకితే గానీ రాదు. కొబ్బరి నూనెకి ఆ గుణం తక్కువ. దానికి ఉన్న శత్రువు ఎలుకలు. నూనె గుడ్డలు రాత్రిపూట మూత ఉన్న డబ్బాలో వేయండి, లేకపోతే తెల్లారి గుడ్డా ఉండదు, దాని పక్కన ఉన్న వైరు తొడుగూ ఉండదు.

కాబట్టి బ్రష్షు పనికి కొట్టులో దొరికే మామూలు నూనె చాలు. ఎం.క్యు.ఎల్. సీసాలో మాత్రం దానికోసం తయారుచేసిన ఈస్టర్ నూనె పోయండి. అది కూడా కూరగాయ నూనెల నుంచి తయారైనదే, కాకపోతే చలికి గడ్డకట్టకుండా, గాలికి జిగురెక్కకుండా మార్చి ఉంటుంది. లీటరు ధర చూస్తే గుండె ఆగుతుంది గానీ గంటకు 30 మిల్లీలీటర్లంటే లీటరు ముప్పై గంటల పైనే వస్తుంది.

కొబ్బరి నూనెని నేరుగా సి.ఎన్.సి. ట్యాంకులో పోయడం, సబ్బు వేసి నీళ్ళలో కలిపి సొంతంగా కూలెంట్ తయారుచేయడం, ఈ రెండూ వద్దు. వీడియోల్లో బాగానే కనబడుతుంది. మూడో వారానికి ట్యాంకు నిండా కుళ్ళిన వెన్న వాసన.

సి.ఎన్.సి. ట్యాంకు ఎందుకు కంపు కొడుతోంది?

ఇది మీ పక్క చెరువు రైతుని అడిగినా చెబుతాడు. చెరువు అడుగున గాలి అందకపోతే మట్టి నల్లబడి కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది కదా, మీ ట్యాంకులో జరిగేదీ అచ్చంగా అదే. బెడ్డు నూనె, హైడ్రాలిక్ నూనె కారి కూలెంట్ మీద తెట్టులా పరుచుకుంటుంది. ఆదివారం మిషను ఆగుతుంది, పంపు తిరగదు, తెట్టు కింద ఆక్సిజన్ అయిపోతుంది. గాలి అక్కర్లేని బ్యాక్టీరియా విజృంభించి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. అందుకే సోమవారం పొద్దున పంపు వేయగానే షాపులో నిలబడలేం.

మందు కూడా చెరువు మందే. తెట్టు తీసేయండి, గాలి ఇవ్వండి. తెట్టుకి బెల్ట్ స్కిమ్మర్ ఉంటే మంచిది, లేకపోతే శనివారం సాయంత్రం పాత నూలు గుడ్డ పరిచి పీల్పించండి. సెలవు రోజుల్లో చేపల తొట్టికి పెట్టే చిన్న ఎయిర్ పంపు ఒకటి ట్యాంకులో వదలండి. నురగ వచ్చేంత జోరుగా వద్దు, నాలుగు బుడగలు వస్తుంటే చాలు.

తర్వాత నీళ్ళు. మన డెల్టాలో సగం కూలెంట్ బాధలు నీళ్ళవే. సముద్రం వైపు బోరు నీళ్ళలో ఉప్పూ, గట్టిదనం రెండూ ఎక్కువ. క్లోరైడు తుప్పు పట్టిస్తుంది, కాల్షియం కూలెంట్‌లోని సబ్బుతో కలిసి తెల్లటి తరకలు కట్టి నూనెని నీళ్ళనుంచి విడగొడుతుంది. కాలవ నీళ్ళు మెత్తనివే గానీ బురదా, సూక్ష్మజీవులూ వెంట వస్తాయి, పైగా వేసవిలో కాలవలు మూసేస్తారు. భీమవరంలో ఆక్వా ల్యాబులకి కొదవలేదు కదా, ఒక సీసాలో మీ నీళ్ళు పట్టుకెళ్ళి గట్టిదనం, పి.హెచ్., ఉప్పు శాతం చూపించండి. గట్టిదనం 200 పి.పి.ఎం. దాటితే ఆర్.ఓ. నీళ్ళు కొనుక్కోవడమే మేలు. మరీ మెత్తటి నీళ్ళతో మొదట నురగ వస్తుంది, అప్పుడు కొంచెం మామూలు నీళ్ళు కలిపితే సర్దుకుంటుంది. మధ్యమధ్యలో ఆవిరై తగ్గినప్పుడు పోసేది మాత్రం ఆర్.ఓ. నీళ్ళే అయి ఉండాలి. ఎందుకంటే ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ట్యాంకులోనే మిగిలి పేరుకుంటూ పోతుంది.

కలిపేటప్పుడు నీళ్ళలో నూనె పోయండి, నూనెలో నీళ్ళు కాదు. తిరగేస్తే ఎమల్షన్ సరిగా కట్టదు. పాళ్ళు కంటి అంచనాతో వద్దు, రిఫ్రాక్టోమీటర్ (కూలెంట్‌లో నూనె పాలు చూపే పరికరం) కొనండి. చెరువుల దగ్గర ఉప్పు చూసేది కూడా అలాంటిదే గానీ దాని మీద గీతలు వేరు. మీకు కావాల్సింది బ్రిక్స్ స్కేలు ఉన్నది. డబ్బా మీద ఇచ్చిన ఫ్యాక్టర్‌తో గుణించి చూస్తే మామూలు టర్నింగుకు 5 నుంచి 8 శాతం మధ్య ఉండాలి. పి.హెచ్. 8.5, 9.5 మధ్య. 8.5 కిందికి జారుతోందంటే బ్యాక్టీరియా పెరుగుతున్నట్టు.

చేతుల దురదకి నేను చూసిన కారణాల్లో మొదటిది ఈ పాళ్ళే. వాసన వస్తోందని ఇంకో మగ్గు నూనె, ఇంకో మగ్గు నూనె అని పోస్తారు. 12, 15 శాతానికి వెళ్తుంది, చర్మం మీది సహజమైన జిడ్డంతా కడిగేస్తుంది. దానిమీద సాయంత్రం కిరోసిన్‌తో చేతులు కడుగుతారు. రెండూ ఆపించండి. ఇసుకలాంటి చిప్స్ అంటిన గుడ్డతో చేతులు తుడవనివ్వకండి. చేతికి తొడుగులు వేసుకుని తిరిగే చక్ దగ్గరికి మాత్రం ఎవర్నీ వెళ్ళనివ్వకండి, దురద పోవచ్చు గానీ చెయ్యి కూడా పోతుంది. దురద తగ్గకపోతే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు కూలెంట్ సేఫ్టీ డేటా షీటు వెంట పంపండి. ఆ షీటు మీ సప్లయర్ ఇవ్వాలి. ఇవ్వనంటే సప్లయర్‌ని మార్చండి. అందులో క్లోరినేటెడ్ పారాఫిన్లు, నైట్రైట్ ఉన్నాయేమో చూడండి. పొట్టి గొలుసు క్లోరినేటెడ్ పారాఫిన్లను 2017లోనే స్టాక్‌హోమ్ ఒప్పందంలో నిషేధ జాబితాలో చేర్చారు. నైట్రైట్, అమీన్లు అనే రసాయనాల్లో కొన్నిటితో కలిస్తే క్యాన్సర్ కారకమైన నైట్రోసమీన్లు తయారవుతాయి.

బోదెలో ఎందుకు పోయకూడదు

"బయోడిగ్రేడబుల్ అని డబ్బా మీద రాసి ఉంది కదా" అని మీరు అడిగారు. అక్కడే చిక్కు. బయోడిగ్రేడబుల్ అంటే సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయని. తినాలంటే వాటికి ఆక్సిజన్ కావాలి. ఒక కిలో కూరగాయ నూనె పూర్తిగా జీర్ణం కావడానికి దాదాపు 2.9 కిలోల ఆక్సిజన్ పడుతుంది. చెరువు నీళ్ళలో డి.ఓ. (కరిగి ఉన్న ఆక్సిజన్) లీటరుకు 5 మిల్లీగ్రాములు అనుకుంటే, ఆ ఒక్క కిలో నూనె 5.8 లక్షల లీటర్ల నీళ్ళలో ఉన్న ఆక్సిజన్ మింగగలదు. ఒకే రాత్రిలో అంతా జరగదు, నిజమే, మధ్యలో ఏరేటర్లు తిరుగుతాయి. కానీ తెల్లవారుజామున డి.ఓ. అసలే అడుగంటి ఉండే చెరువుకి అందులో పదో వంతు చాలు. పైగా నీటి మీద నూనె తెట్టు కొత్త గాలి దిగకుండా అడ్డుపడుతుంది, కూలెంట్‌లో ఉండే సబ్బు రసాయనాలు మొప్పల్ని దెబ్బతీస్తాయి. స్టెయిన్‌లెస్ కోసిన కూలెంట్‌లో నికెల్, క్రోమియం నలుసులు ఉండనే ఉంటాయి. మీ పక్క రైతు ఊరికే గొడవపడలేదండీ. బోదె అక్కడితో ఆగదు కూడా, మురుగు కాలవల్లోంచి ఉప్పుటేరులోకో, సముద్రంలోకో పోతుంది.

చట్టం ప్రకారం వాడేసిన నూనె, నూనెతో కూడిన వ్యర్థాలు 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తాయి. అనుమతి ఉన్న రీసైక్లర్‌కి గానీ, వ్యర్థాల కేంద్రానికి గానీ ఇవ్వాలి. మన వైపు వాళ్ళకి విశాఖ దగ్గర పరవాడలో అలాంటి కేంద్రం ఉంది. చిన్న షాపు ఒక్కటే లారీ పెట్టుకోలేదు. మా దగ్గర నాలుగైదు షాపులవాళ్ళం కలిసి డ్రమ్ములు నింపుకుని ఒకేసారి పంపుతాం. డ్రమ్ము మూతపెట్టి, రేకుల కింద, సిమెంటు గట్టు కట్టిన చోట పెట్టండి, వాన నీళ్ళు దిగితే సరుకు రెట్టింపవుతుంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రంలో మీ షాపుకి ఏం రాసి ఉందో కూడా ఒకసారి చూసుకోండి.

పటిక వేసి విరగ్గొట్టొచ్చా అని ఇంకొకరు అడిగారు. విరుగుతుంది, నూనె పైకి తేలుతుంది, నూనెని వేరుచేసి రీసైక్లర్‌కి ఇవ్వొచ్చు. కింద మిగిలే నీళ్ళు తేటగా కనిపించినా అందులో కరిగిన లోహాలు, అమీన్లు, బ్యాక్టీరియా మందు అలాగే ఉంటాయి. అవీ బోదెలోకి వద్దు.

మిగతా పద్ధతులు, రెండు ముక్కల్లో

మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచే క్రయోజెనిక్ పద్ధతి టైటానియం, ఇన్‌కొనెల్ (నికెల్ మిశ్రలోహం) కోసే విమాన భాగాల పనికి బాగుంటుంది. మన ఊళ్ళలో ద్రవ నైట్రోజన్ పశువుల ఆసుపత్రి క్యానులో తప్ప కనబడదు. ఏరేటర్ షాఫ్టుకి అది అక్కర్లేదు. మూసిన గదిలో అది ఆవిరైతే ఆక్సిజన్ తగ్గి మనిషి కుప్పకూలే ప్రమాదమూ ఉంది. చల్లగాలి ఊదే వోర్టెక్స్ ట్యూబు ప్లాస్టిక్, నైలాన్ బుష్‌లకు భేషుగ్గా ఉంటుంది గానీ గాలి విపరీతంగా తాగుతుంది, చిన్న కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. గ్రైండింగుకు ఎం.క్యు.ఎల్. జోలికి వెళ్ళకండి, అక్కడ ధార కూలెంట్ ఉండాల్సిందే. లోతైన డ్రిల్లింగు కూడా అంతే, వ్యాసానికి మూడు నాలుగు రెట్లు దాటిన లోతులో చిప్స్ బయటికి రావాలంటే తోసే ధార కావాలి.

కొనే వరస అడిగారు కాబట్టి: ముందు రిఫ్రాక్టోమీటరు, పి.హెచ్. పట్టీలు, ఎయిర్ పంపు. వీటన్నిటికీ కలిపి ఒక మంచి ఇన్‌సర్టు డబ్బా ఖర్చు కూడా అవదు. తర్వాత సి.ఎన్.సి. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, క్లీనర్‌తో పైపులతో సహా కడిగి, కొత్త నీళ్ళతో కొత్త కూలెంట్ నింపండి. పాతది ఒక మగ్గు మిగిలినా కొత్తదానికి అంటుకుంటుంది. ఆ తర్వాత మాయిశ్చర్ సెపరేటరు, చివరగా ఒక లేతుకి మాత్రమే ఎం.క్యు.ఎల్. కిట్. ఒక నెల ఒకే రకం షాఫ్టు మీద ఇన్‌సర్టుకి ఎన్ని షాఫ్టులు వస్తున్నాయో గోడ మీద రాసుకుంటూ వెళ్ళి, లెక్క నచ్చితేనే రెండో లేతుకి పెట్టండి.

మీ కంప్రెసర్ ఎన్ని హెచ్.పి., ఏ సైజు షాఫ్టులు ఎక్కువ చేస్తారు, సి.ఎన్.సి. ట్యాంకు ఎన్ని లీటర్లు అన్నది కింద రాస్తే ఎలాంటి నాజిల్ సరిపోతుందో చెబుతాను. నీళ్ళ రిపోర్టు వస్తే అది కూడా పెట్టండి.